కాకి లెక్కలు రాసుకునేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

చెలక_గట్టు — జూన్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

మాది సూర్యాపేట దగ్గర పల్లె. ఉద్యోగం హైదరాబాద్‌లో. పోయిన ఏడాది మా నాయన పోయారు. మొన్న ఇల్లు సర్దుతుంటే ట్రంకు పెట్టెలో పాకెట్ డైరీలు దొరికాయి. ఎరువుల కొట్టువాళ్లు కొత్త సంవత్సరానికి ఊరికే ఇచ్చే చిన్న డైరీలు. 1984 నుంచి 1997 దాకా మొత్తం పదకొండు. మధ్యలో మూడేళ్లవి లేవు, ఎలుకలు కొట్టి ఉంటాయి.

ఎక్కువ భాగం వాన, కూలీ, కరెంటు, అప్పులు. కానీ మధ్యమధ్యలో ఇట్లాంటివి:

"జూన్ 19. తెల్లారి పదును. ఆరుద్ర పురుగులు వచ్చినయి."

"తీతువు గుడ్లు నాలుగు, తూర్పు చెలక. నాగలి పక్కకు తిప్పినం."

"బాయి మీది ఈతచెట్టుకు గిజిగాండ్లు. గూళ్లు 23."

ఆయన ఏడో తరగతి వరకే చదివారు. ఇవన్నీ ఎందుకు రాశారో తెలియదు. చదివాక నాకూ రాయాలనిపించి, రెండు నెలలుగా శని ఆదివారాలు ఊళ్లో, మిగతా రోజులు ఇక్కడి బాల్కనీలో కనిపించినవి ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాను. చూస్తే అన్నీ కాకులు, గోరింకలు, పావురాలే. మూడు సందేహాలు. ఏ యాప్ మంచిది? ఈ కాకులూ గోరింకలూ రాయడంలో అర్థం ఉందా? నాయన రాసినవి ఎక్కడైనా ఎక్కించవచ్చా?

గోరింక99 — జూన్ 2, రాత్రి 10:15

స్వాగతం అన్నా. డైరీ పేజీలు ఫొటో తీసి పెట్టుకో ముందు, పెన్సిల్ రాత అయితే చెరిగిపోద్ది.

యాప్ సంగతి: పక్షులకైతే ఈబర్డ్. పురుగు, పాము, మొక్క, పుట్టగొడుగు ఏదైనా సరే ఫొటో ఉంటే ఐనాచురలిస్ట్. రెండూ ఫ్రీ. ఈబర్డ్‌లో నువ్వు పావుగంటో అరగంటో ఒకచోట నిలబడి, కనిపించినవీ వినిపించినవీ అన్నీ రాస్తావు. చివర్లో ఒక ప్రశ్న అడుగుతుంది, గుర్తుపట్టగలిగినవన్నీ రాశావా అని. దానికి "అవును" అనగలిగితేనే ఆ లిస్టుకి అసలు విలువ. కాకిని వదిలేసి పాలపిట్టను మాత్రం రాస్తే "అవును" అనకూడదు.

ఎందుకంటే, ఒక పక్షి నీ లిస్టులో లేదంటే అది అక్కడ లేదని అర్థం తీసుకుంటారు. "లేదు" అన్నది కూడా లెక్కే. కాకిని నువ్వు బద్ధకించి వదిలేస్తే కంప్యూటర్‌కి తెలియదు కదా, ఆ రోజు సూర్యాపేటలో కాకులు లేవనుకుంటుంది.

ఉత్తమాట — జూన్ 2, రాత్రి 11:02

తప్పుగా అనుకోకండి, ఒక మాట. పులుల లెక్క అంటే ఫారెస్టువాళ్లు చేస్తారు, దానికో ప్రయోజనం ఉంది. బాల్కనీలో కాకిని చూశాను అని రాస్తే ఎవరికి ఉపయోగం? కాకి లెక్కలు అని ఊరికే అనలేదు పెద్దలు. టైంపాస్ అంటే సరే, కాదనను.

నీలిరెక్క — జూన్ 3, ఉదయం 6:20

ఉత్తమాట గారూ, మీ సందేహం న్యాయమైనదే. ఇరవై ఏళ్ల క్రితం నేనూ అదే అనుకున్నాను. (కాలేజీలో జువాలజీ చెప్తాను, విశాఖ.)

2023లో మన దేశపు పక్షుల పరిస్థితి మీద ఒక పెద్ద నివేదిక వచ్చింది. 942 జాతులను అంచనా వేశారు. దానికి ఆధారం ఏమిటనుకున్నారు? దాదాపు 30,000 మంది మామూలు జనం రాసిన 3 కోట్ల నమోదులు. వాళ్లలో శాస్త్రవేత్తలు తక్కువ. బ్యాంకువాళ్లు, డాక్టర్లు, టీచర్లు, కాలేజీ పిల్లలు ఎక్కువ. కోకిల, నెమలి, ఊరి పావురం బాగున్నాయని తెలిసింది వాళ్ల లిస్టుల వల్లే. తెలంగాణ రాష్ట్ర పక్షి మన పాలపిట్ట తగ్గుతోందని తెలిసిందీ వాళ్ల వల్లే. దసరాకి చూడాలని ఊరంతా వెతికే పక్షి, దాని పరిస్థితిని ప్రపంచ స్థాయిలో మళ్లీ అంచనా వేయాల్సిన జాబితాలోకి వచ్చింది. పాలపిట్టను ఒక్కసారి చూసి మురిసిపోయినవాళ్ల వల్ల ఇది తెలియలేదు. చూడని రోజు కూడా లిస్టు రాసినవాళ్ల వల్ల తెలిసింది.

పిచ్చుకల సంగతీ అంతే. "సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు అంతరించాయి" అని ప్రతి మార్చి 20కీ వాట్సాప్‌లో వస్తుంది. ఇదే నివేదిక 2020లో వచ్చినప్పుడు చూస్తే దేశం మొత్తం మీద పిచ్చుకలు దాదాపు నిలకడగానే ఉన్నాయి. తగ్గింది పెద్ద నగరాల్లో. టవర్లే కారణం అనడానికి గట్టి ఆధారం దొరకలేదు. గూడు పెట్టుకోడానికి కంత లేని ఇళ్లు, పిల్లలకు పెట్టడానికి పురుగులు దొరక్కపోవడం, ఇవి ఎక్కువ నమ్మదగ్గ కారణాలు.

చెలక_గట్టు గారూ, డైరీల గురించి తీరిగ్గా రాస్తాను. క్లాసుకి టైమవుతోంది.

ఫ్రిస్కో_బాబాయ్ — జూన్ 3, ఉదయం 8:05

ఇక్కడ టెక్సస్‌లో మా ఇంటి వెనక మాకింగ్‌బర్డ్ ఒకటి తెల్లవారుజామున మూడింటికి మొదలుపెడుతుంది. పక్కింటి కారు అలారం కూడా అనుకరిస్తుంది. వచ్చిన కొత్తలో నిద్ర పట్టక తిట్టుకునేవాణ్ని. ఇప్పుడు నా లిస్టు దానితోనే మొదలు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా కలిసి పెరటి పక్షుల లెక్క చేస్తారు కదా, పోయినసారి తెనాలిలో మా అన్నయ్యా, ఇక్కడ నేనూ ఒకే రోజు చెరో పావుగంట చేశాం. ఇద్దరి లిస్టుల్లోనూ ఉన్నవి రెండే, ఊరి పావురం, పిచ్చుక. పిచ్చుకని ఇక్కడికి మనుషులే పట్టుకొచ్చి వదిలారట.

కరివేపాకు_కుండీ — జూన్ 3, మధ్యాహ్నం 2:30

నేను పక్షుల మనిషిని కాదండీ. మాది రాజమండ్రి, మూడో అంతస్తు. ఉన్నదల్లా ఒక కరివేపాకు కుండీ, ఒక నిమ్మ కుండీ. నా రికార్డులన్నీ ఆ రెండు కుండీలవే, నాలుగేళ్లుగా.

మొదట్లో నిమ్మ ఆకుల మీద పిట్టరెట్ట పడిందనుకుని తుడవబోయాను. కదిలింది! నల్లగా, మధ్యలో తెల్లటి మచ్చ, అచ్చం రెట్టలాగే. పిట్టలు తినకుండా అలా ఉంటాయని తర్వాత తెలిసింది. పెద్దయ్యేసరికి ఆకుపచ్చగా మారిపోతాయి. అగ్గిపుల్లతో తల దగ్గర తాకితే మెడ వెనక నుంచి రెండు పాయల నారింజరంగు కొమ్ము బయటికి పెడుతుంది, ఘాటు వాసన వేస్తుంది. మా అత్తగారు "పాము నాలుకే" అని వెనక్కి జరిగారు.

ఐనాచురలిస్ట్‌లో నిమ్మ సీతాకోకచిలుక అని పెట్టాను. ఒకాయన కాదు, కామన్ మార్మన్ అనే ఇంకో సీతాకోకచిలుక కావచ్చు, పురుగు దశలో తేడా తెలియడం కష్టం అన్నారు. నిజమే. అప్పట్నుంచి పురుగు ఫొటో, ప్యూపా ఫొటో, బయటికొచ్చాక రెక్కల ఫొటో మూడూ తీసి, చివరిది చూశాకే పేరు రాస్తున్నాను.

పోయిన నవంబర్‌లో ఒక ప్యూపా రంగు మారిపోయి గోధుమగా అయింది. రేపో మాపో చిలుక వస్తుందని కాఫీ కప్పు పట్టుకుని కూర్చున్నాను. గుండుసూది గుచ్చినంత బెజ్జం పడింది. అందులోంచి ఒకటి తర్వాత ఒకటి ఆవగింజంత ఈగల్లాంటివి వచ్చాయి. లెక్కపెట్టాను, 60 దాటాక ఎగిరిపోవడం మొదలుపెట్టాయి. బుల్లి కందిరీగలటండీ. లోపల గుడ్లు పెట్టి వెళ్తాయిట, పిల్లలు చిలుకని లోపలే తినేస్తాయిట. రెండు రోజులు నాకు మనసు బాగోలేదు. కానీ నా రికార్డుల్లో ఎక్కువ మంది వచ్చి మాట్లాడింది దాని గురించే.

గోరింక99 — జూన్ 3, మధ్యాహ్నం 2:51

అక్కా, మా క్యాంపస్‌లో ఆరుగురం కలిసి ఏడాదిలో పెట్టిన రికార్డుల కన్నా మీ రెండు కుండీలవే ఎక్కువ ఉన్నట్టున్నాయి 😀

మెడికల్_బండి — జూన్ 3, రాత్రి 9:10

నా పని రోజుకి 120 కిలోమీటర్లు బైక్ మీద. నేను చచ్చినవి రాస్తాను. ముంగిస, జెర్రిపోతు, పునుగుపిల్లి, ఒకసారి చుక్కల దుప్పి పిల్ల. బండి పక్కకి ఆపి, చూసుకుని, ఫొటో తీసి, "చనిపోయింది" అని గుర్తు పెట్టి ఎక్కిస్తాను. ఎవరూ లైక్ కొట్టరు. ఒకే మలుపులో వానాకాలంలో ఎన్ని పాములు పోతున్నాయో నా మ్యాప్ చూస్తే తెలుస్తుంది.

కొత్తిల్లు_ఖమ్మం — జూన్ 5, రాత్రి 11:20

అర్జెంట్! బాత్రూమ్ తలుపు దగ్గర పాము. ఫొటో పెట్టాను. నల్లటి ఒంటి మీద తెల్లటి పట్టీలు. కట్లపామేనా? మా ఆవిడ, పిల్లలు మంచం మీదే ఉన్నారు. టెన్షన్‌గా ఉంది.

నీలిరెక్క — జూన్ 5, రాత్రి 11:24

దగ్గరికి వెళ్లకండి, కర్ర తీయకండి. తలుపు కింద తడి టవల్ కుక్కి, పాములు పట్టేవాళ్లకి ఫోన్ చేయండి. కాసేపు ఆగితే దాని దారిన అది పోవచ్చు కూడా. ఈ రాత్రికి ఎవరూ నేల మీద పడుకోవద్దు. ఎవరికైనా కాటు పడితే, నొప్పి లేకపోయినా సరే, నేరుగా పెద్దాసుపత్రికే. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పే తెలియదు.

నీలిరెక్క — జూన్ 6, ఉదయం 7:00

పాములు పట్టే కుర్రాడు వచ్చి తీసుకెళ్లాడని ఖమ్మం గారు మెసేజ్ పెట్టారు. ఇప్పుడు తీరిగ్గా. ఫొటోలో ఉన్నది ఎక్కువగా తోడేలు పాము, విషం లేనిది. దాని పట్టీలు మెడ దగ్గరే మొదలై తోకవైపు పోనుపోను మసకబారతాయి. కట్లపాముకి తల వెనక కొంత దూరం ఖాళీగా ఉండి, అక్కడి నుంచి సన్నటి పట్టీలు జంటలుగా మొదలై తోకదాకా స్పష్టంగా ఉంటాయి. వీపు మధ్య వరుసలో పొలుసులు పెద్దవి, ఆరు పలకలవి.

ఇది రాత్రి పదకొండింటికి బాత్రూమ్ దగ్గర చూసి తేల్చుకునే విషయం కాదు. అందుకే రాత్రి చెప్పలేదు. పేరు తర్వాత కూడా పెట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకైతే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉంది, మిగతావాళ్లు మీ ఊళ్లో ఎవరున్నారో నంబర్ ముందే దాచుకోండి.

కొత్తిల్లు_ఖమ్మం — జూన్ 6, ఉదయం 7:35

చాలా థ్యాంక్స్ మేడమ్. చంపేద్దామని పక్కింటాయన గడ్డపార తెచ్చారు, ఆపేసరికి తల ప్రాణం తోకకి వచ్చింది. నిన్నటి ఫొటో ఎక్కించాను. నా మొదటి రికార్డు.

చెలక_గట్టు — జూన్ 8, రాత్రి 8:45

ఇవాళ మృగశిర, ఇంట్లో చేపల పులుసు. ఊళ్లోనే ఉన్నాను.

ఈ వారం ఈబర్డ్‌లో ఏడు లిస్టులు పెట్టాను. మూడు తప్పులు చేశాను, రాస్తున్నాను, కొత్తవాళ్లకి పనికొస్తాయి.

ఒకటి, పక్షి కూత విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ డేగ అని చూపిస్తే రాసేశాను. కాసేపాగి చూస్తే కరెంటు తీగ మీద పసులపోలిగాడు. అదే కూస్తోంది!

రెండు, చెరువులో కొంగలన్నీ ఒకటే అనుకుని 40 అని రాశాను.

మూడు, కాకుల్లో మెడ బూడిదరంగువి వేరు, మొత్తం నల్లటి బొంతకాకులు వేరు అని ముప్పై ఎనిమిదేళ్లకి తెలిసింది. ఇన్నాళ్లూ పిండాలు పెట్టినప్పుడు ఎవరొచ్చారో మరి.

గోరింక99 — జూన్ 8, రాత్రి 9:05

పసులపోలిగాడు పెద్ద మోసగాడు అన్నా. షిక్రా డేగ అరుపు అరిచి గోరింకల్ని బెదరగొట్టి, అవి వదిలేసిన పురుగు తినేస్తుంది. దాన్ని చూసి మెర్లిన్ కూడా బెదిరినట్టుంది. యాప్ చెప్పింది అని ఎప్పుడూ రాయొద్దు, నీ చెవికో కంటికో నమ్మకం కుదిరితేనే రాయి.

కొంగలకి బాధ లేదు. ఏ కొంగో తెలియకపోతే "కొంగ జాతి ఏదో" అని రాసే వీలుంది. తెలిసినంత వరకే రాయడం తప్పు కాదు, తెలియనిది తెలిసినట్టు రాస్తేనే తప్పు. గుంపు పెద్దదైతే ముందు ఒక పదింటిని లెక్కపెట్టు, ఆ పది ఎంత జాగాలో ఉన్నాయో కంటితో పట్టుకో, అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో చూడు. అదే మనం చేసే అసలైన కాకి లెక్క.

పగిడికంటె — జూన్ 9, ఉదయం 10:30

నా పేరుకి కారణమైన కథ చెప్తాను, కొత్తవాళ్లు వినాలి.

మా కాలనీ పార్కులో చింతచెట్టు తొర్రలో పగిడికంటెల జంట ఉండేది. అరచేయంత గుడ్లగూబలు, పగలు ఎండకి కళ్లు అరమోడ్చి కూర్చునేవి. నేను సంబరం ఆపుకోలేక ఫొటో, పార్కు పేరు, గేటు నుంచి ఎన్నో చెట్టో కూడా ఒక ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టేశాను. ఆదివారానికి పదిహేను మంది, పెద్ద పెద్ద లెన్సులతో. ఒకాయన పక్షి కళ్లు తెరవాలని చెట్టు కాండం మీద తట్టాడు. ఇంకొకాయన అడ్డం వస్తోందని కొమ్మ విరిచాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, ఏం మాట్లాడాలో తెలియలేదు. పది రోజులకి తొర్ర ఖాళీ. లోపలి పిల్లలకి ఎగిరిపోయేంత వయసు ఇంకా రాలేదు.

దీపావళి ముందు గుడ్లగూబల్ని పట్టి అమ్మేవాళ్లున్నారని తెలిశాక ఇంకా భయం వేసింది. అప్పట్నుంచి గూడు ఉంటే లొకేషన్ బయట పెట్టను. ఐనాచురలిస్ట్‌లో ప్రమాదంలో ఉన్న జాతుల చోటు దానంతట అదే మసకబరుస్తుంది. మామూలు జాతులకి మనమే ఆ సెట్టింగ్ మార్చుకోవాలి. తేదీ నిజం రాయండి, చోటు కావాలంటే దాచండి.

లంకమల_కింద — జూన్ 9, సాయంత్రం 5:15

చోటు దాచడం అంటే మా కడపవాళ్లకి చెప్పాలనా సామీ. కలివికోడి అనే అరుదైన పక్షిది మా ఊరే.

1848లో జెర్డాన్ అనే దొర వల్ల లోకానికి తెలిసింది అది. 1900 తర్వాత ఒక్కరూ చూడలే. పోయిందనే అనుకున్నారు అందరూ. 1985లో బీఎన్‌హెచ్‌ఎస్ (బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ) తరఫున భరత్ భూషణ్ గారు వచ్చి, బొమ్మ చూపిచ్చి పల్లెపల్లె తిరిగి అడిగినారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే ఆయన రాత్రిపూట టార్చిలైటు వెలుతురులో పట్టి తెచ్చినాడు. ఎనభై ఆరేళ్ల తర్వాత! పక్షుల శాస్త్రవేత్త సాలిం అలీ గారు ముసలితనంలో బొంబాయి నుంచి దాని కోసం బయలుదేరి వస్తే, ఆయన వచ్చేలోపల పక్షి ప్రాణం పోయింది.

నేనేమంటానంటే, ఐతన్నకి అది కొత్త పక్షి కాదు. కలివి పొదల్లో రాత్రి తిరిగే కోడి, అంతే. దేశమంతా లేదనుకున్న పక్షికి మా ఊళ్లో పేరుంది. ఎవరూ అడగలే, ఎవరూ రాయలే.

నీలిరెక్క — జూన్ 10, రాత్రి 9:50

చెలక_గట్టు గారూ, డైరీల గురించి మాటిచ్చాను.

పక్షులవి ఈబర్డ్‌లో పాత తేదీతో ఎక్కించవచ్చు. తేదీ తెలిసి, ఎంతసేపు చూశారో తెలియని లిస్టుల కోసమే "హిస్టారికల్" అనే రకం ఉంది. "అన్నీ రాశారా" అంటే మాత్రం "లేదు" అనండి, మీ నాన్నగారు పనిగట్టుకుని అన్నీ రాయలేదు కదా. తీతువు గుడ్లు రాసిన రోజు తీతువు అని వేసి, గుడ్ల సంగతి వివరంలో పెట్టండి. పిట్ట గుడ్ల మీద ఉందో లేదో తెలియదు కాబట్టి సంఖ్య బదులు "ఎక్స్" వేస్తే చాలు.

గిజిగాడి గూళ్లు 23 అంటే పక్షులు 23 కాదు. మగపిట్ట సగం అల్లి, హెల్మెట్‌లా ఉండగానే ఆడపిట్టకి చూపిస్తుంది. నచ్చకపోతే దాన్నలాగే వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది. కాబట్టి అక్కడా "ఎక్స్".

ఆరుద్ర పురుగు పక్షీ కాదు, నిజానికి పురుగూ కాదు. ఎనిమిది కాళ్లు, సాలీడు చుట్టం. ఫొటో లేదు కాబట్టి ఐనాచురలిస్ట్‌లో వేసినా ఎవరూ ధ్రువీకరించలేరు. వాటికి ఒక ఎక్సెల్ షీటు చేయండి. తేదీ, వాన, పురుగు. పదకొండేళ్ల తేదీలు ఒకే చెలకవి, అలాంటి వరుస నా దగ్గర లేదు.

చెలక_గట్టు — జూన్ 11, రాత్రి 10:30

థ్యాంక్స్ మేడమ్. నిన్న రాత్రి కూర్చుని రెండు డైరీలు టైపు చేశాను. ఒకటి అడగాలి. ఇది పెద్ద విషయం కాదేమో.

1986 మార్చిలో ఇలా ఉంది: "నర్సయ్య ఎద్దు సచ్చింది. వాగు పక్కన ఏసిన్రు. రాబందులు 40 దాకా. పొద్దుగూకేసరికి బొక్కలే."

అట్లాంటివే మరో మూడుచోట్ల. 87లో "30", 89లో "శానా". 1995లో: "బర్రె సచ్చింది. మూడొద్దులైనా అట్లనే ఉన్నది. కుక్కలు. వాసన." 96, 97ల్లో రాబందు అన్న మాటే లేదు. ఇవి కూడా ఎక్కించాలా? ఏ రాబందో రాయలేదు.

నీలిరెక్క — జూన్ 11, రాత్రి 10:41

ఎక్కించండి. ముందు ఆ పేజీలన్నీ స్కాన్ చేయించండి, ఫొటో కాదు, స్కాన్.

ఏ రాబందో తెలియకపోతే "రాబందు జాతి ఏదో" అని వేయండి. ఎందుకు ఇంతగా చెప్తున్నానంటే, 1990ల్లో దేశంలో రాబందులు కుప్పకూలిపోయాయి. తెల్లవీపు రాబందు నూటికి 99 పైగా పోయింది. పశువులకి నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కారణం. ఆ మందు వేసిన కొద్దిరోజులకే పశువు చస్తే, దాన్ని తిన్న రాబందుల కిడ్నీలు పాడైపోయేవి. 2006లో పశువులకి వాడకూడదని నిషేధించారు. అప్పటికే అయిపోయింది.

అప్పట్లో రాబందుల్ని ఎవరు లెక్కపెడతారు? ఎక్కడ చూసినా అవే. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త 1980ల్లో లెక్కించి పెట్టుకున్న సంఖ్యలు ఉన్నాయి కాబట్టే, 1990ల చివర్లో మళ్లీ లెక్కపెట్టినప్పుడు ఎంత పోయిందో తెలిసింది. సూర్యాపేట దగ్గర వాగు పక్కన ఎన్ని ఉండేవో ఎవరికి తెలుసు? ఒక రైతు రాసిపెట్టారు. 1995 నాటి "మూడొద్దులైనా అట్లనే ఉన్నది" అన్న వాక్యం నేను ఇవాళ నాలుగుసార్లు చదివాను.

ఉత్తమాట — జూన్ 11, రాత్రి 11:15

మా తాత ఊళ్లో చిన్నప్పుడు నేనూ చూశాను రాబందుల్ని, బోలెడు. ఏ సంవత్సరమో గుర్తు లేదు. ఎన్నో కూడా గుర్తు లేదు.

లంకమల_కింద — జూన్ 12, ఉదయం 6:40

ఎవురికి గుర్తుంటాయి అన్నా.

చెలక_గట్టు — జూన్ 29, రాత్రి 9:00

రెండు వారాలు ఆఫీసులో ఊపిరాడలేదు. ఈ శనాదివారాలు ఊరికి వచ్చాను.

షీటు పూర్తయింది. ఆరుద్ర పురుగులు తొలిసారి కనిపించిన తేదీలు పదకొండేళ్లకి తొమ్మిది దొరికాయి. అన్నిటికన్నా ముందు జూన్ 9, అన్నిటికన్నా ఆలస్యం జులై 4. ప్రతిసారీ పెద్ద వాన పడ్డ ఒకటి రెండు రోజులకే. ఈసారి నాకు నిన్న కనిపించాయి, జూన్ 28. తూర్పు చెలకలో, ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కలు పారేసినట్టు. మోకాళ్ల మీద కూర్చుని ఒక గజం జాగాలో లెక్కపెట్టాను, 17. వేలితో తాకితే కాళ్లు ముడుచుకుని పూసలా అయిపోతుంది, పది లెక్కపెట్టేలోపు మళ్లీ నడుస్తుంది. ఫొటో తీసి ఎక్కించాను.

షీటు అమ్మకి చూపించి, నాయన ఇదంతా ఎందుకు రాసేవాడు, ఇష్టమా అని అడిగాను. అమ్మ నవ్వింది. "ఇష్టమేందిరా. ఆ పురుగు కనవడితే నేల లోపలి దాకా తడిసినట్టు, కంది ఏసుకోవచ్చు. తీతువు గుడ్లు ఏ మడిల ఉన్నయో రాయకపోతే జీతగాడు తెల్వక దున్నుతడు. రాబందులు రాకుంటే బర్రెను బొంద పెట్టాలె, దానికి ఇద్దరు కూలీలు." అంతే అంది.

గూళ్లు ఎందుకు లెక్కపెట్టాడు మరి అంటే మాత్రం ఆలోచించింది. "అవా, అవి నువ్వే లెక్కవెట్టినవ్. ఒకటి రెండు నేర్పుతుండె నీకు" అంది.

నాకేం గుర్తు లేదు. అప్పుడు నాకు నాలుగేళ్లు ఉండి ఉంటాయి. కాబట్టి మేడమ్, ఆ 23 సరైనదో కాదో చెప్పలేను. వివరంలో అలాగే రాశాను.

నీలిరెక్క — జూన్ 29, రాత్రి 9:22

"లెక్కించినవారు: నాలుగేళ్ల పిల్లవాడు, తండ్రి పర్యవేక్షణలో." అలా రాయండి. ఈబర్డ్ రివ్యూ చేసేవాళ్లు అడిగితే నా పేరు చెప్పండి.

కరివేపాకు_కుండీ — జూన్ 29, రాత్రి 9:40

నేను మా అత్తగారికి చదివి వినిపించానండీ. కళ్లు తుడుచుకుని, కుండీలో ఆ పురుగుల్ని కొట్టొద్దులే, ఉండనీ అన్నారు. నాలుగేళ్లలో మొదటిసారి.

ఉత్తమాట — జులై 6, ఉదయం 7:10

నవ్వకండి. మా బాల్కనీ ఎదురుగా వేపచెట్టు. కొమ్మ మీద ఒక పక్షి పిల్ల, కాకి కన్నా చిన్నది, నల్లగానే ఉంది గానీ రెక్కల మీద లేత చుక్కలు. నోరు తెరిచి ఆగకుండా అరుస్తోంది. కాకి వచ్చి దాని నోట్లో ఏదో పెట్టి వెళ్తోంది. పావుగంటలో ఐదుసార్లు. ఇది కాకి పిల్ల కాదు కదా? ఫొటో జూమ్ చేస్తే మసకగా వచ్చింది, అయినా పెడుతున్నాను.

గోరింక99 — జులై 6, ఉదయం 7:14

కోకిల పిల్ల అన్నా!! కాకి గూట్లో కోకిల గుడ్డు పెడితే కాకి పెంచుతుందని వినే ఉంటావు, అదే ఇది. లిస్టు పెట్టు. కోకిల 1, కాకి 1, తిండి పెట్టడం చూశానని వివరంలో రాయి. టైము రాసుకున్నావా?

ఉత్తమాట — జులై 6, ఉదయం 7:31

6:40 నుంచి 6:55. కాకులు రెండు ఉన్నాయి, ఒకటి కాదు. రెండోది తీగ మీద కూర్చుని చూస్తోంది. యాప్ దించుకున్నాను, అకౌంట్‌కి పాస్‌వర్డ్ తీసుకోవడం లేదు, ఏం చేయాలి?